పోయిన లాప్‌టాప్ నంబరుతో దొరుకుతుందా? నేను రోజూ వినే అపోహలు

“సార్, నా లాప్‌టాప్ పోయింది. ఐఎంఈఐ నంబరు ఎక్కడ రాసి ఉంటుందో చెప్తారా?”

నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. ఆఫీసు లాప్‌టాప్‌లు పంచడం, పాడైతే బాగు చేయించడం, పోతే వెతికించడం నా ఉద్యోగం. ఆఫీసు బయటివాళ్లు కూడా ఎవరో ఒకరి ద్వారా నంబరు సంపాదించి ఫోన్ చేస్తుంటారు. గొంతులో వణుకు తెలుస్తూనే ఉంటుంది కాబట్టి మొదటి నిమిషం నేనేమీ అనను, విని ఊరుకుంటాను. కానీ ఐఎంఈఐ అన్న మాట వినగానే ఒకటి అర్థమైపోతుంది: ఈ మనిషి ముందు చెయ్యాల్సిన పని ఇంకా మొదలుపెట్టలేదు.

అపోహ: ఏదో ఒక నంబరు ఉంటే చాలు, ఎక్కడున్నా పట్టేయొచ్చు

జనాన్ని ఎక్కువగా ముంచుతున్నది ఇదే, అందుకే దీని సంగతి ముందు తేల్చుకుందాం.

ఐఎంఈఐ మొబైల్ నెట్‌వర్క్ నంబరు. ఫోన్ టవర్‌తో మాట్లాడేటప్పుడు ఆ నంబరు చెప్పుకుంటుంది కాబట్టి ఆపరేటర్‌కు తెలుస్తుంది. సిమ్ పెట్టే చోటే లేని లాప్‌టాప్‌కు ఐఎంఈఐ ఎక్కడినుంచి వస్తుంది? మనం మామూలుగా వాడేవాటిలో చాలావరకు ఆ రకమే. సిమ్ స్లాట్ ఉన్న మోడళ్లకు ఐఎంఈఐ ఉంటుంది, నిజమే. కానీ దొంగ అందులో సిమ్ వేసుకుని నెట్ వాడేంత అమాయకుడైతేనే అది పనికొస్తుంది.

ఇక సీరియల్ నంబరు. లాప్‌టాప్ అడుగున, డబ్బా మీద, బిల్లు మీద ఉంటుంది, లోపల బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాంలో) కూడా ఉంటుంది. అయితే దానంతట అది ఎవరికీ కబురు పెట్టదు. తయారుచేసిన కంపెనీలో ఎవరో ఆ నంబరు కొడితే మ్యాప్ మీద చుక్క వెలుగుతుందని చాలామంది నమ్మకం. వెలగదు. సీరియల్ నంబరుతో ఉపయోగం ఎక్కడంటే, దొరికిన సరుకు మీదేనని నిరూపించుకోవాల్సి వచ్చినప్పుడు. ఒకేలాంటి నల్ల లాప్‌టాప్‌లు ఐదు బల్ల మీద పెట్టి “ఇందులో మీదేది?” అని పోలీసులు అడిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది. అలా ఓసారి ఒకతను తనది కానిదాన్ని తనదేనని చూపించాడు, పాపం, కంగారులో.

లాప్‌టాప్‌లోని వైఫై కార్డుకు ఉండే నంబరు, అంటే మ్యాక్ అడ్రస్ గురించి ఇంకా ఎక్కువ కథలు ప్రచారంలో ఉన్నాయి. పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ నంబరు వీధి మలుపుదాకా సాగనంపి వెనక్కి తిరిగే చుట్టం లాంటిది. లాప్‌టాప్ నుంచి మొదటి రూటర్ వరకే వెళ్తుంది, అది దాటాక డేటా వెంట పోదు. ఇంటర్నెట్‌లో ఎక్కడో కూర్చున్నవాడికి మీ మ్యాక్ అడ్రస్ కనపడే దారే లేదు. పైగా ఇప్పటి లాప్‌టాప్‌లు ఒక్కో వైఫైకి ఒక్కో నకిలీ మ్యాక్ అడ్రస్ చూపించేలా కూడా పెట్టుకోవచ్చు.

ఇంతకీ ఈ అపోహ వల్ల నష్టమేమిటంటారా? టైము. ఒక సంగతి చెప్తాను.

మా స్నేహితుడి చెల్లెలు పీహెచ్‌డీ చేస్తోంది. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి లైబ్రరీలో లాప్‌టాప్ బల్ల మీద వదిలి, ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లింది. మూత తెరిచే ఉంది, స్క్రీన్ లాక్ చెయ్యలేదు. తిరిగొచ్చేసరికి బల్ల మీద చార్జర్ వైరు మాత్రం ఉంది. అప్పటినుంచి రాత్రి పదింటిదాకా ఆ పిల్ల చేసినవి చూడండి: రూముకు పరుగెత్తి డబ్బా వెతికింది, సీరియల్ నంబరు ఫోటో తీసింది, పాత రూటర్ పేజీలోకి వెళ్లి మ్యాక్ అడ్రస్ కాగితం మీద రాసుకుంది, “మ్యాక్ అడ్రస్ ఇస్తే లొకేషన్ ఇస్తాం” అన్నవాడెవడికో ఆన్‌లైన్‌లో డబ్బు పంపింది. వాడు ఒక మ్యాప్ స్క్రీన్‌షాట్, దాని మీద ఒక ఎర్ర చుక్క పంపాడు. మరింత కచ్చితంగా కావాలంటే ఇంకొంచెం పంపమన్నాడు. అప్పుడు అన్నయ్యకు చెప్పింది, అతను నాకు కలిపాడు.

“అన్నా, ఈ చుక్క నిజమేనా?” అని అడిగింది.

“అది తర్వాత చూద్దాం గానీ, ముందు నీ ఫోన్‌లో మెయిల్ తెరువమ్మా” అన్నాను.

మెయిల్ పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది. ‘మీ పాస్‌వర్డ్ 2 గంటల క్రితం మార్చారు’ అని వచ్చింది. అవతల కాసేపు మాటలేదు.

తెరిచి ఉన్న లాప్‌టాప్, లాగిన్ అయి ఉన్న మెయిల్, అడిగిన చోటల్లా పాస్‌వర్డ్ నింపిపెట్టే బ్రౌజర్. దొంగ తెలివైనవాడు కానక్కర్లేదు. మెయిల్ చేతికొస్తే మిగతా అకౌంట్లన్నిటికీ ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కుకుంటూ పోవచ్చు. ఆ పిల్ల అకౌంట్లు వెనక్కి రావడానికి చాలా రోజులు పట్టింది. లాప్‌టాప్ రానేలేదు. నాలుగింటికే ఫోన్ తీసి మెయిల్ నుంచి ఆ డివైస్‌ను సైన్ అవుట్ చేసి ఉంటే పోయేది ఒక్క లాప్‌టాప్.

కాబట్టి పోయిన మొదటి గంటలో నేను చేయించేది ఇదీ. ఫోన్ నుంచి మెయిల్ అకౌంట్‌లోకి వెళ్లి, ఏ డివైస్‌లలో లాగిన్ అయి ఉందో ఆ జాబితా తెరవండి. పోయిన లాప్‌టాప్ చివరిసారి ఎప్పుడు, ఏ ఊరి నుంచి వాడినట్టు చూపిస్తోందో స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఫిర్యాదులో పనికొస్తుంది. తర్వాత దాన్ని సైన్ అవుట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి తీసెయ్యండి. బ్యాంకువి చూసుకోండి. ఆ తర్వాత పోయిన డివైస్ ఎక్కడుందో చూపించే ఫైండ్ మై పేజీకి వెళ్లి లాక్ చెయ్యండి, దొరికినవాళ్లు ఫోన్ చెయ్యడానికి నంబరు పెట్టే వీలుంటే పెట్టండి. ఇక్కడ ఒక్క జాగ్రత్త: కంగారులో లాప్‌టాప్‌ను ఫైండ్ మై నుంచి గానీ అకౌంటు డివైస్‌ల జాబితా నుంచి గానీ ‘రిమూవ్’ చెయ్యొద్దు. సైన్ అవుట్ వేరు, రిమూవ్ వేరు. ఆపిల్‌వాళ్ల మ్యాక్‌బుక్‌ను అలా తీసేస్తే, మీ అకౌంటు లేకుండా ఇంకొకరు వాడుకోకుండా ఆపే యాక్టివేషన్ లాక్ కూడా పోతుంది, మీ చేత్తోనే దొంగకు తాళం ఇచ్చినట్టు. ఇవన్నీ అయ్యాక సీరియల్ నంబరుతో పోలీసు ఫిర్యాదు.

ఆఫీసు లాప్‌టాప్ అయితే వీటన్నిటికంటే ముందు మాలాంటివాళ్లకు చెప్పండి. తిడతారని రెండేసి రోజులు దాచేవాళ్లున్నారు. తిట్టడానికి మాకు తీరిక ఉండదండీ. ఫైళ్లన్నీ చెరిపెయ్యమని మేము పంపే వైప్ కమాండ్ ఆ లాప్‌టాప్ నెట్‌కు తగిలినప్పుడే పనిచేస్తుంది, అలా తగిలేది చాలాసార్లు మొదటి కొన్ని గంటల్లోనే. ఆ అవకాశం పోయాక చెప్తే చేసేదేముంది?

అపోహ: మ్యాప్ మీద చుక్క కనపడిందంటే ఆ ఇంట్లోనే ఉన్నట్టు

విండోస్‌లో ఫైండ్ మై డివైస్ 2015 నవంబరు అప్‌డేట్‌తో వచ్చింది. అది పనిచెయ్యాలంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, లొకేషన్ ఆన్ చేసి, ఆ సెట్టింగ్‌ను ముందే పెట్టుకుని ఉండాలి. పోయాక పెట్టుకోవడం కుదరదు. ఇందులో లాక్ చెయ్యొచ్చు, చెరిపే వీలు లేదు. ఆపిల్‌వాళ్లది ఇంకాస్త నయం. 2019 నుంచి, మ్యాక్‌బుక్ నెట్‌కు తగలకపోయినా దాని బ్లూటూత్ సంకేతాన్ని పక్కనుంచి వెళ్లే ఐఫోన్లు పట్టుకుని, ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేనివాళ్లు చదవలేకుండా మార్చి) యజమానికి చేరవేస్తాయి.

చాలా లాప్‌టాప్‌లలో జీపీఎస్ ఉండదు. చుట్టుపక్కల ఏయే వైఫై రూటర్లు కనపడుతున్నాయో చూసి, వాటి చోట్లు రాసి ఉన్న పెద్ద పట్టికతో పోల్చి, ఇక్కడుందని అంచనా వేస్తుంది. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట ఆ అంచనా పక్కింటి మీదో పై అంతస్తు మీదో పడొచ్చు. ఇల్లు మారినవాళ్లు రూటర్ కూడా పట్టుకెళ్తే, పట్టిక మారేదాకా చుక్క పాత ఇంటి మీదే పడుతుంది.

ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు, అంటే ఐపీ అడ్రస్‌తో వేసే చుక్కలైతే మరీ అన్యాయం. 2016లో బయటపడిన ఒక ఉదంతం ఉంది. మ్యాక్స్‌మైండ్ అనే సంస్థ ఐపీ అడ్రస్‌లు ఎక్కడివో చెప్పే డేటాబేస్ నడుపుతుంది. అమెరికాలోదని తప్ప ఇంకేమీ తెలియని అడ్రస్‌లకు ఆ దేశం నడిమధ్యకు దగ్గరగా, 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం అని ఒక బిందువు రాసిపెట్టింది. ఆ బిందువు సరిగ్గా కాన్సస్ రాష్ట్రంలో ఒక పొలంలో పడింది. సుమారు 60 కోట్ల ఐపీ అడ్రస్‌లు ఆ ఒక్క పొలం మీద! ఏళ్ల తరబడి అక్కడ ఉంటున్నవాళ్ల గుమ్మంలోకి పోలీసులు, ఎఫ్‌బీఐవాళ్లు, మోసపోయామని మండిపడేవాళ్లు వస్తూనే ఉన్నారు. విషయం బయటికొచ్చాక ఆ సంస్థ ఆ బిందువును తీసుకెళ్లి ఒక జలాశయంలో పెట్టింది.

అందుకని చుక్క చూసి తలుపు కొట్టడానికి వెళ్లకండి. తప్పు ఇల్లయితే ఒక పరువు తక్కువ, సరైన ఇల్లయితే ఇంకా ప్రమాదం. ఐపీ అడ్రస్‌తో అసలు మనిషిని పట్టుకోగలిగేది ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ రికార్డులతోనే. ఆ రికార్డులు పోలీసులు చట్టప్రకారం అడిగితేనే ఇస్తారు. ఒకే ఐపీ మీద చాలామంది కస్టమర్లు ఉండటం మామూలు కాబట్టి టైము నిమిషాలు, సెకన్లతో సహా కావాలి. మీరు స్క్రీన్‌షాట్ తియ్యాల్సింది ఇందుకే.

అపోహ: పాస్‌వర్డ్ ఉంది కదా, ఫైళ్లకేం కాదు

స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. అడుగున నాలుగైదు మరలు విప్పి, ఫైళ్లు ఉండే ఎస్‌ఎస్‌డీ తీసి, ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఎన్‌క్రిప్షన్ లేని ఫైళ్లన్నీ పెళ్లి ఆల్బమ్‌లా తెరుచుకుంటాయి. లాగిన్ పాస్‌వర్డ్‌ను అక్కడ ఎవరూ అడగరు. దీన్ని ఆపేది విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్. బిట్‌లాకర్‌కు 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, అది ఎక్కడ సేవ్ అయిందో ఇవాళే చూసుకోండి. లేకపోతే రేపు ఏదో రిపేరు తర్వాత మీ లాప్‌టాప్ మిమ్మల్నే బయట నిలబెడుతుంది.

లాప్‌టాప్ దొరికితే కథ సుఖాంతమే అనుకునేవాళ్లకు 2006 నాటి సంగతి ఒకటి. అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఉద్యోగి ఇంట్లో మే నెలలో దొంగతనం జరిగి లాప్‌టాప్, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పోయాయి. వాటిలో 2 కోట్ల 65 లక్షల మంది వివరాలు ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉన్నాయి. జూన్ చివరికల్లా రెండూ దొరికాయి. డేటాను ఎవరూ ముట్టుకున్నట్టు లేదని ఎఫ్‌బీఐ చెప్పింది. అయినా బాధితులు వేసిన కేసులో ఆ శాఖ 2009లో 2 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడాల్సి వచ్చింది.

మిగతావి గబగబా

ఫార్మాట్ చేసినా ట్రాకింగ్ పోదంటారు. మామూలు సాఫ్ట్‌వేర్ అయితే శుభ్రంగా పోతుంది. అబ్సల్యూట్ లాంటి ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని మోడళ్లలో బయాస్ నుంచే తిరిగి లేస్తాయి గానీ, డబ్బు కట్టి ముందే యాక్టివేట్ చేసుకుని ఉండాలి. బయాస్‌లో పేరు కనపడినంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు.

బ్యాగులో ఎయిర్‌ట్యాగ్ (ఎక్కడుందో చూపించే ఆపిల్ బిళ్ల) పడేస్తే సరిపోతుందంటారు. మర్చిపోయిన బ్యాగుకు బ్రహ్మాండంగా సరిపోతుంది. దొంగతనానికి మాత్రం, మీ వెంట ఎవరిదో ట్యాగ్ వస్తోందని దొంగ ఫోన్‌కే హెచ్చరిక వెళ్తుంది. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిటిలోనూ ఈ ఏర్పాటు ఉంది. ఎవరినైనా రహస్యంగా వెంబడించకుండా పెట్టింది అది, తప్పు పట్టలేం.

“మీ డివైస్ దొరికింది, లొకేషన్ కోసం ఈ లింకు నొక్కండి” అని మెసేజ్ వస్తే నొక్కకండి. లాక్ తియ్యడానికి దొంగకు మీ పాస్‌వర్డ్ కావాలి, అందుకోసం పంపేదే అది. ఆశతో ఎదురుచూస్తున్న మనిషికి ఆ మెసేజ్ ఎంత తియ్యగా కనిపిస్తుందో నాకు తెలుసు.

ఇంకొకటి, అన్ని లాప్‌టాప్‌లూ దొంగల చేతిలో పడవు. చాలావి మర్చిపోయినవే. నాది నేనే ఒకసారి ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ ట్రేలో వదిలేసి విమానం ఎక్కాను, ఈ ఉద్యోగం చేస్తూ! ఫైండ్ మై డివైస్, ఎన్‌క్రిప్షన్ అన్నీ పెట్టుకున్నవాణ్నే. మూత మూసి నిద్రపోతున్న లాప్‌టాప్ దేనికీ పలకలేదు. దొరికింది ఎలాగంటే, అడుగున ఒక మూలకు తెల్ల కాగితం మీద బాల్‌పెన్నుతో రాసి, పైన సెల్లోటేప్ వేసిన ఫోన్ నంబరు వల్ల. అది కూడా నా నంబరు కాదు, మా ఆవిడది. నా ఫోన్ కూడా అదే బ్యాగులో ఉండి పోవచ్చని ఆమే అలా రాయించింది. నేను విమానంలో ఉండగానే లాస్ట్ ప్రాపర్టీవాళ్లు ఆమెకు ఫోన్ చేశారు. సీరియల్ నంబరు చెప్పమన్నారట. దాని ఫోటో నేను తీసి పెట్టుకున్నాను, ఆ లాప్‌టాప్‌లోనే.