వెనక కుంగితే పోయినట్టేనా? సెల్ఫ్ లెవెలింగ్ సస్పెన్షన్ మీద అపోహలు - వాస్తవాలు

డిక్కీలో బరువు పెరిగినా బండి వెనక భాగాన్ని తనంతట తానే సరైన ఎత్తుకు తెచ్చేదే సెల్ఫ్ లెవెలింగ్ సస్పెన్షన్. వీటిలో బాగున్నవాటిని పోయాయని పీకి పారేయడం, పోయినవాటిని బాగానే ఉన్నాయని ఏళ్ల తరబడి తిప్పడం, ఈ పనిలో రెండూ చూస్తూనే ఉన్నాను. రెండింటికీ కారణం ఒకటే, పరీక్ష ఎలా చేయాలో తెలియకపోవడం. దీనికి స్కానర్ కంటే ముందు కావాల్సింది ఒక కొలత టేపు, కాస్త ఓపిక.

అపోహ: డిక్కీలో బరువు పెట్టగానే వెనక భాగం లేవాలి, లేవకపోతే పోయినట్టే.

అన్నింటికంటే ఎక్కువ వినేది ఇదే. ముందు మీ బండిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోండి. గాలి బెలూన్లు, కంప్రెసర్ ఉన్న రకమైతే ఎత్తు చూసే సెన్సర్ కాసేపు ఆగి, బరువు నిజంగానే పెరిగిందని తేలాక కంప్రెసర్‌ని నడుపుతుంది, ఆ చప్పుడు మీకే వినిపిస్తుంది. ఇంజిన్‌తో తిరిగే హైడ్రాలిక్ పంపు రకమైతే ఇంజిన్ ఆన్‌లో ఉండాలి. మూడోది నివోమాట్ లాంటిది. చూడ్డానికి కాస్త లావుపాటి షాక్ అబ్జార్బర్ లాగే ఉంటుంది, దానికి వైరూ లేదు, పైపూ లేదు, కంప్రెసరూ లేదు. మరి శక్తి ఎక్కడిది అంటే రోడ్డుదే. చక్రం పైకీ కిందకీ ఊగిన ప్రతిసారీ లోపలి రాడ్డు చిన్న చేతిపంపులా పనిచేసి ఆయిల్‌ని తక్కువ ప్రెషర్ గది నుంచి ఎక్కువ ప్రెషర్ వైపు నెడుతుంది, సరైన ఎత్తు రాగానే లోపల ఒక దారి తెరుచుకుని పంపింగ్ ఆగిపోతుంది. అంటే నిలబెట్టిన బండిలో ఎంత బరువు పెట్టి ఎంతసేపు చూసినా అది లేవదు. లేవకూడదు కూడా!

కాబట్టి ఇలా చూడండి. చదునైన నేల, టైర్లలో సరిపడా గాలి, ఖాళీ డిక్కీ. చక్రం మధ్య నుంచి నిటారుగా పైన ఉన్న వీల్ ఆర్చ్ అంచు వరకు రెండు పక్కలా కొలిచి రాసుకోండి (నేల నుంచి కొలిస్తే టైరు నొక్కుకున్నదీ అందులో కలిసిపోతుంది). ఆర్చ్ మీద చిన్న స్టిక్కర్ టేపు ముక్క అంటించి ప్రతిసారీ అక్కడి నుంచే కొలవండి, లేదంటే చెయ్యి జరిగిన తేడానే సస్పెన్షన్ తేడా అనుకుంటారు. ఇప్పుడు బండి పరిమితి దాటకుండా ఇసుక బస్తాలో నీళ్ల క్యాన్లో ఎక్కించండి, ఇద్దరు ముగ్గురు మనుషుల బరువుంటే చాలు. మళ్లీ కొలవండి, తగ్గుతుంది, రాసుకోండి. తర్వాత మామూలు రోడ్డు మీద మూడు నాలుగు కిలోమీటర్లు తిప్పి తెచ్చి, బస్తాలు దించకుండా అదే చోట కొలవండి. అద్దంలా నున్నగా ఉన్న హైవే అయితే ఇంకాస్త దూరం పడుతుంది, ఎందుకంటే అక్కడ చక్రం ఊగేదే తక్కువ. మూడో అంకె మొదటి అంకె దగ్గరికి వస్తే పనిచేస్తోంది. రెండో అంకె దగ్గరే ఉండిపోతే టెన్షన్ పడాల్సిందే. ఒక పక్క లేచి ఇంకో పక్క లేవకపోతే లేవనివైపు చూడండి.

అపోహ: వెనక నుంచి గట్టిగా నొక్కి వదిలితే తెలిసిపోతుంది.

అది ఊగుడు ఎంత త్వరగా ఆగుతోందో మాత్రమే చెబుతుంది, ఎత్తు సంగతి చెప్పదు.

అపోహ: సామాను దించాక వెనక భాగం గాల్లోకి లేచింది, కాబట్టి ఏదో ఇరుక్కుంది.

బరువు మోయడానికి ఎక్కిన ప్రెషర్ బరువు తీయగానే మాయమైపోదు కదా. కాసేపట్లోనో, కొద్ది దూరం నడిచాకో దిగుతుంది. ఎంత తిప్పినా దిగకపోతే అప్పుడు అనుమానించండి.

అపోహ: పొద్దున్నే కుంగి ఉంటోంది, అంటే కంప్రెసర్ పోయింది.

చాలాసార్లు కంప్రెసర్ నేరస్తురాలు కాదు, బాధితురాలు. ఎక్కడో గాలి లీకవుతుంటే ఆ లోటు పూడ్చడానికి అది ఆగకుండా తిరిగి, వేడెక్కి, చివరికి కాలిపోతుంది. లీకు వెతక్కుండా కొత్తది బిగిస్తే అదీ అదే దారిన పోతుంది. బెలూన్ అడుగున రబ్బరు మడతపడే చోట, పైపు జాయింట్ల దగ్గర, గాలిని బెలూన్లకు పంచే వాల్వు బ్లాక్ దగ్గర సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. చలి రాత్రి తర్వాత రెండు పక్కలా సమానంగా కాస్త తగ్గితే అది లీకు కాదు, గాలి చల్లబడితే ప్రెషర్ తగ్గుతుంది, అంతే.

ఒకసారి కంప్రెసర్ మార్చాలని చెప్పి పంపిన బండి నా దగ్గరికి వచ్చింది. కింద దూరి చూస్తే హైట్ సెన్సర్‌ని సస్పెన్షన్ ఆర్మ్‌కి కలిపే వేలెడంత లింక్ రాడ్డు దాని బాల్ నుంచి ఊడి వేలాడుతోంది. పాపం సెన్సర్‌కి బండి ఎప్పుడూ లెవల్లోనే ఉన్నట్టు కనిపిస్తోంది, కంప్రెసర్‌కి పనే చెప్పట్లేదు. శుభ్రం చేసి నొక్కితే టక్కున కూర్చుంది.

అన్నట్టు కింద దూరడం అన్నాను కాబట్టి, జాకీ ఎత్తే ముందు సిస్టమ్‌ని ఆఫ్ చేయండి లేదా ఎత్తు సరిచేయడం ఆపే జాక్ మోడ్‌లో పెట్టండి, లేదంటే బండి మరీ ఎత్తులో ఉందనుకుని గాలి వదిలేయొచ్చు. గాలి మీద నిలబడ్డ బండి కిందికి స్టాండ్లు పెట్టకుండా తల కూడా పెట్టకండి.

అపోహ: లోపం ఉంటే వార్నింగ్ లైటు వస్తుంది.

వైరే లేని నివోమాట్‌కి లైటు ఎక్కడి నుంచి వస్తుంది? బరువుతో ఎంత దూరం వెళ్లినా తోక కిందే ఉండటం, దాంతో హెడ్‌లైట్లు పైకి కొట్టి రాత్రి ఎదురొచ్చేవాళ్లు డిమ్ చెయ్యమని లైట్లు కొట్టడం, అవే దాని వార్నింగులు. యూనిట్ మీద సన్నటి తడి ఉంటే కంగారు అక్కర్లేదు, ఆయిల్ కారి చుక్కలు పడుతుంటే మాత్రం దాని పని అయిపోయింది.

అపోహ: లెవల్ చేసుకుంటుంది కాబట్టి ఎంతైనా ఎక్కించొచ్చు.

యాక్సిల్, టైర్లు, బ్రేకులు మారలేదు. పైగా కుంగదు కాబట్టి ఓవర్‌లోడ్ కంటికి కనిపించదు, అది ఇంకా ప్రమాదం.

అపోహ: ఖర్చెందుకు, మామూలు షాక్ అబ్జార్బర్లు వేసేస్తే సరి.

నివోమాట్ యూనిట్ బండి బరువులో కొంత తనే మోస్తుంది, అందుకే దాంతో వచ్చే కాయిల్ స్ప్రింగులు మెత్తగా ఉంటాయి. మామూలు షాక్ అబ్జార్బర్ ఎత్తు నిలబెట్టదు, ఊగుడు ఆపుతుంది అంతే. ఒక్క అవే మారిస్తే ఖాళీ బండి కూడా వెనక్కి కూర్చుంటుంది. మార్చాలనుకుంటే ఆ మోడల్‌కి సరిపడే స్ప్రింగులతో కలిపి మార్చండి. తీసిన పాతదాన్ని మాత్రం లోపల ఏముందో చూద్దామని గ్రైండరుతో కోయకండి, ఆయిల్ కారిపోయినా లోపల గ్యాస్ ప్రెషర్ అలాగే ఉండొచ్చు.