ఆపరేషన్ తర్వాత మూడో ఏడు

బరువు తగ్గడానికి పొట్టకు చేసే బేరియాట్రిక్ సర్జరీ అయిన మొదటి ఏడాదంతా తగ్గిన కిలోల ముచ్చటే. ఒక్క ఇడ్లీకే కడుపు నిండిపోతుంది. పాత బట్టలు వేలాడతాయి, పెళ్లిళ్లలో చుట్టాలు గుర్తుపట్టరు. రెండేళ్లు గడిచాక ఒకరోజు బరువు మిషన్ మీద అంకె ఆగుతుంది. కొన్నాళ్లకు కిలో, కిలోన్నర పైకి జరుగుతుంది. టెన్షన్ మొదలవుతుంది.

ఇందులో వింతేమీ లేదు. అమెరికాలోని యూటాలో గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి, తిండిని పేగులో కాస్త కిందికి మళ్లించే సర్జరీ) చేయించుకున్నవాళ్లను పన్నెండేళ్లు గమనించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. రెండేళ్లకు సగటున 45 కిలోలు తగ్గారు. ఆరేళ్లకు ఆ తగ్గుదల 36 కిలోలకు వచ్చింది, పన్నెండేళ్లకు 35. పోయినదాంట్లో కొంత తిరిగొచ్చింది, నిజమే. కానీ ఆరో ఏటికీ పన్నెండో ఏటికీ మధ్య దాదాపు ఏమీ మారలేదు చూడండి. నాకైతే అదే అసలు వార్త.

ఎందుకు తిరిగొస్తుంది? ఈ సర్జరీల్లో ఇంకో రకమైన స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు. ఘ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ భాగంలోనే. అందుకే మొదట్లో ఆకలి ఊసే ఉండదు. కాలం గడిచేకొద్దీ చాలామందిలో అది మెల్లగా తిరిగొస్తుంది. పైగా 110 కిలోల మనిషి 75కు దిగితే, మెట్లెక్కడానికి మోయాల్సిన బరువే తగ్గిపోయింది. కొవ్వుతో పాటు కొంత కండా కరుగుతుంది కాబట్టి కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తీ తగ్గుతుంది. మొదటి ఏడు బరువు తగ్గించిన భోజనమే ఇప్పుడు ఉన్న బరువును నిలబెట్టడానికి సరిపోతుంది.

ఇక సాయంత్రం టీ దగ్గరికి రండి. ఉడికించిన గుడ్డు, పెసరట్టు ముక్క చిన్న పొట్టలో కాసేపు నిలుస్తాయి. టీలో ముంచిన బిస్కెట్, నోట్లో కరిగే కారప్పూస, జ్యూస్, ఐస్‌క్రీమ్ అలా కాదు, జారిపోతాయి. ఒక్క ఇడ్లీకే నిండే పొట్ట నాలుగింటి నుంచి ఏడింటి దాకా గుప్పెడు గుప్పెడుగా కారప్పూస డబ్బా ఖాళీ చేయగలదు. డాక్టర్లు దీన్ని గ్రేజింగ్ అంటారు. మన ఇళ్లలో ‘ఇంకా మేత ఆపలేదా’ అని వెక్కిరించేదీ దీన్నే.

అందుకే పళ్లెంలో మొదటి ముద్ద ప్రొటీన్‌ది కావాలంటారు. రోజుకు కనీసం 60 గ్రాములు, అంటే సుమారు పది గుడ్లంత. అంత చిన్న పొట్టకు ఇది మాటలు కాదు. అన్నం ముందు పెట్టుకుంటే ప్రొటీన్‌కు చోటే మిగలదు. కండ నిలవాలంటే నడక ఒక్కటే చాలదు, బరువులెత్తే వ్యాయామమూ ఉండాలి. ఇవన్నీ చేసినా అంకె ఎక్కుతూనే ఉంటే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటి ఇంజెక్షన్లున్నాయి. అవసరాన్నిబట్టి డాక్టర్లు వాటిని వాడుతున్నారు.

కానీ అవి రాయించుకోవాలంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి కదా. బరువు పెరిగిందన్న సిగ్గుతో చాలామంది చెకప్ మానేసేది ఇలాంటప్పుడే. దాంతోపాటు విటమిన్ మాత్రలూ ఆగిపోతాయి. కాలేయంలో బీ12 నిల్వలు బాగుంటే కొన్నేళ్లు గడిచిపోతాయి. ఆ నిల్వలు తరిగిపోయి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యేసరికి, ఎప్పుడో అయిన ఆపరేషన్ సంగతి కొత్త డాక్టరుకు చెప్పాలని కూడా తట్టదు.