ఎంపీఐ: ప్రమాణం ఒకటైనా బైనరీ ఒకటి కాదు

"ల్యాబ్ పీసీలో ఓపెన్ ఎంపీఐతో కంపైల్ చేసిన ఫైల్‌ని హైదరాబాద్ క్లస్టర్‌కి కాపీ చేస్తే నడుస్తలేదు. రెండూ ఎంపీఐయే కదా సార్?" వరంగల్, హనుమకొండ కాలేజీల్లో ప్యారలల్ కంప్యూటింగ్ ప్రాజెక్టులు చేసే పిల్లలు అడిగే ప్రశ్న ఇది. ఎంపీఐ అంటే చాలా ప్రాసెస్‌లు సందేశాలు పంపుకుంటూ కలిసి లెక్క చేయడానికి పెట్టుకున్న ప్రమాణం. ఓపెన్ ఎంపీఐ, ఎంపిచ్, ఇంటెల్ ఎంపీఐ దాన్ని పాటించే వేర్వేరు లైబ్రరీలు.

అపోహ: ప్రమాణం పాటించే లైబ్రరీలన్నీ ఒకదాని బదులు ఒకటి పనికొస్తాయి.

వాస్తవం: 2025లో ఎంపీఐ 5.0 వచ్చేదాకా ప్రమాణం సోర్స్ కోడ్ వరకే హామీ ఇచ్చింది, కంపైల్ అయిన బైనరీకి కాదు. కమ్యూనికేటర్ (కలిసి మాట్లాడుకునే ప్రాసెస్‌ల గుంపు) ఎంపిచ్‌లో 32 బిట్ల పూర్ణాంకం, ఓపెన్ ఎంపీఐలో పాయింటర్. వచ్చిన సందేశం వివరాలుండే స్టేటస్ స్ట్రక్చర్‌లో ఫీల్డుల వరుస కూడా వేరు. ఓపెన్ ఎంపీఐ ప్రోగ్రామ్ వెతికే లిబ్‌ఎంపీఐ.ఎస్‌ఓ.40 పేరుతో ఎంపిచ్ ఫైల్‌కి లింకు పెడితే ప్రోగ్రామ్ మొదలుకాకముందే "ఓఎంపీఐ_ఎంపీఐ_కామ్_వరల్డ్ సింబల్ లేదు" అని ఆగిపోతుంది (సింబల్ అంటే లైబ్రరీలోని ఫంక్షన్ లేదా డేటా పేరు). అలా ఆగడమే నయం. లైబ్రరీ ఒకరిది, ప్రాసెస్‌లను మొదలుపెట్టే ఎంపీఐరన్ ఇంకొకరిది అయితే ఎర్రర్ రాకపోవచ్చు. నాలుగు ప్రాసెస్‌లు నడిపితే నాలుగూ "ర్యాంక్ 0, సైజు 1" (ఉన్నది నేనొక్కణ్ణే) అనుకుంటూ ఒకే లెక్కను నాలుగుసార్లు చేస్తాయి.

అపోహ: ప్రమాణం తొలగించిన ఫంక్షన్‌ను లైబ్రరీలోంచీ పీకేయాలి.

వాస్తవం: లైబ్రరీ రాసేవాళ్ల అసలు కష్టం ఇక్కడే. ఎంపీఐ_టైప్_స్ట్రక్ట్, ఎంపీఐ_అడ్రస్ లాంటివాటిని వాడొద్దని 1997లో ఎంపీఐ 2.0 చెప్పింది, 2012లో 3.0 పూర్తిగా తీసేసింది. కానీ సింబల్‌ను లైబ్రరీలోంచి తీస్తే ఎస్‌ఓ నంబరు (ఫైల్ పేరు చివరి 40 లాంటిది) మార్చక తప్పదు. అప్పుడు ఆ ఫంక్షన్‌ను ఎన్నడూ పిలవని ప్రోగ్రాములను కూడా మళ్లీ లింక్ చేయాలి. సోర్స్ పోయిన పాత ప్రోగ్రామ్ ఇక మూలన పడ్డట్టే. ఓపెన్ ఎంపీఐ 4.0 మధ్యేమార్గం పట్టింది: హెడర్‌లోంచి తీసేసింది, లైబ్రరీలో సింబల్ ఉంచింది. కొత్త కోడ్ కంపైల్ కాదు, పాత బైనరీ నడుస్తుంది. కోడ్ మార్చే తీరిక లేనివాళ్లు లైబ్రరీని బిల్డ్ చేసేటప్పుడు "ఎనేబుల్ ఎంపీఐ1 కంపాటిబిలిటీ" ఆప్షన్ ఇవ్వొచ్చు. మా మాటైతే, ఎంపీఐ_టైప్_క్రియేట్_స్ట్రక్ట్‌కి మారిపోవడమే మేలు.

అపోహ: సందేశంలో ఎన్ని అంశాలో చెప్పే కౌంట్‌ని 32 బిట్ల ఇంట్ నుంచి 64 బిట్లకు మారిస్తే 2,147,483,647 పరిమితి పోయేది, ఎందుకు మార్చలేదో!

వాస్తవం: పాత బైనరీ రిజిస్టర్‌లో కింది 32 బిట్లే నింపుతుంది, పై సగంలో ఏముంటుందో చెప్పలేం. కొత్త లైబ్రరీ మొత్తం 64 బిట్లూ చదివితే చెత్త కౌంట్ వస్తుంది. అందుకే 2021లో ఎంపీఐ 4.0 పాతవాటిని ముట్టుకోకుండా ఎంపీఐ_సెండ్_సీ లాంటి కొత్త పేర్లు చేర్చింది. అదే 3.0లో ఆర్గ్యుమెంట్లకు కాన్‌స్ట్ (మార్చకూడదనే గుర్తు) తగిలించినప్పుడు సీ బైనరీలకు ఏమీ కాలేదు, సీలో సింబల్ పేరులోకి టైపులు రావు మరి.

అపోహ: ఎస్‌ఓ నంబరు కలిస్తే చాలు.

వాస్తవం: ఎంపిచ్ 3.1, ఇంటెల్ ఎంపీఐ 5.0 నుంచి ఒప్పందం ప్రకారం ఇద్దరిదీ లిబ్‌ఎంపీఐ.ఎస్‌ఓ.12. అయితే పాత ఓపెన్ ఎంపీఐ 1.10 నంబరూ 12యే! కాబట్టి ప్రోగ్రామ్ ఏ లైబ్రరీలు వాడుతుందో చూపే ఎల్‌డీడీ కమాండ్ ఇచ్చే నంబరుతో పాటు పాత్ కూడా చదవండి, ఎంపీఐరన్ వెర్షన్ సరిచూడండి. ఫోర్‌ట్రాన్ అయితే మాడ్యూల్ ఫైళ్లు కంపైలర్‌ను బట్టి మారతాయి. జీఫోర్‌ట్రాన్‌వి ఇంటెల్ కంపైలర్ చదవదు. సోర్స్ చేతిలో ఉంటే క్లస్టర్‌లోని ఎంపీఐ కంపైల్ కమాండ్ ఎంపీఐసీసీతోనే మళ్లీ కంపైల్ చేసుకోండి.