దీవిలో హనీమూన్: మా ఆఫీసుకొచ్చే అపోహలు, నేను చెప్పే వాస్తవాలు

బెజవాడ గవర్నర్‌పేటలో మా ట్రావెల్స్ ఆఫీసు. మొదట్లో రైలు టికెట్లు, కాశీ యాత్రలు చూసేవాళ్ళం, ఇప్పుడు ముహూర్తాలు మొదలైతే సగం పని హనీమూన్లదే. కొత్త జంట వచ్చి కూర్చుంటారో లేదో ఫోన్ నా ముందుకి జరుపుతారు. నీళ్ళ మీద చెక్క గది, గదిలోంచి సముద్రంలోకి దిగే మెట్లు, మంచం మీద తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు. "ఇది కావాలండీ, ఎంతవుతుంది?" అది ఏ దేశంలో ఉందో చాలాసార్లు వాళ్ళకీ తెలీదు, రీల్‌లో వచ్చింది అంతే. నేను ముందు అడిగేది వేరే. ఇక్కడ ఇంట్లో బయల్దేరి ఆ మెట్టు మీద కాలు పెట్టేదాకా ఎన్ని బళ్ళు మారాలో చూశారా అని. ఇన్నేళ్ళలో గది బాలేదని తిట్టినవాళ్ళు నాకు పెద్దగా లేరు, తిట్లన్నీ దారి గురించే.

అపోహ: విమానం దిగితే దీవి వచ్చేసినట్టే

గన్నవరం నుంచి మాల్దీవుల రాజధాని మాలేకి గానీ, మారిషస్‌కి గానీ, బాలికి గానీ నేరుగా విమానం లేదు. శంషాబాద్ వెళ్ళాలి, లేదా బెంగళూరో ముంబయో వెళ్ళి అక్కడ మారాలి. శంషాబాద్‌కి కారులో ఐదారు గంటలు, హైవే మీద ఒక్క లారీ అడ్డం తిరిగితే ఇంకో రెండు. సరే, అదంతా దాటి మాల్దీవుల్లో దిగారు. మాలే ఎయిర్‌పోర్టే ఒక దీవి మీద ఉంటుంది, మీ రిసార్ట్ ఇంకో దీవి. దగ్గరదైతే స్పీడ్‌బోట్, దూరమైతే సీప్లేన్, ఇంకా దూరమైతే లోకల్ విమానం ఎక్కి దిగి మళ్ళీ బోట్.

ఈ సీప్లేన్ దగ్గరే నేనూ దెబ్బతిన్నా. అది పగటి వెలుతురులో తప్ప ఎగరదు. పైలట్ కంటితో చూసుకుంటూ నీళ్ళ మీద దించాలి, చీకట్లో కుదరదు. మధ్యాహ్నం మూడున్నర దాటాక మాలేలో దిగితే ఆ రోజుకి సీప్లేన్ అందుతుందన్న నమ్మకం లేదు. ఈ సంగతి నాకు సరిగ్గా తెలియని రోజుల్లో తెనాలి జంట ఒకళ్ళకి టికెట్ మూడు వేలు తక్కువొస్తోందని సాయంత్రం దిగే విమానం వేశాను. ఐదున్నరకి ఫోన్. "అన్నా, బోర్డు పట్టుకుని మనిషైతే నిలబడ్డాడు గానీ, విమానం రేపు పొద్దున అంటున్నాడు." ఆ రాత్రి మాలే పక్కనే ఉన్న హుల్‌హుమాలేలో మామూలు హోటల్లో పడుకున్నారు. రిసార్ట్ వాళ్ళు మాత్రం ఆ రాత్రి కూడా లెక్కలో వేసుకున్నారు, తప్పు వాళ్ళది కాదు మరి. సగం నేను పెట్టుకున్నాను. అమ్మాయి వాళ్ళ నాన్నగారు ఆ తర్వాత ఏడాది పాటు బీసెంట్ రోడ్డులో ఎదురుపడినా పలకరించలేదు.

సీప్లేన్ చార్జీ మనిషికి రానుపోను మామూలుగా 400 డాలర్ల పైమాటే. చౌక ప్యాకేజీ అని వాట్సాప్‌లో వచ్చే పోస్టర్లలో చాలాసార్లు ఇది ఉండదు, "ట్రాన్స్‌ఫర్స్ ఎక్స్‌ట్రా" అని అడుగున చీమంత అక్షరాల్లో ఉంటుంది. సామాను కూడా పెట్టె 20 కిలోలు, చేతిలో 5 కిలోలు, ఆపైన ప్రతి కిలోకీ డబ్బు. పెళ్ళికూతురి పెట్టెలో నాలుగు పట్టుచీరలు ఎందుకుంటాయో నేను అడగను, మీరే ఇంట్లో మాట్లాడుకోండి.

అపోహ: ఎంత దూరం వెళ్తే అంత గొప్ప

బోరా బోరా అడిగేవాళ్ళు ఏటా ఇద్దరు ముగ్గురు తగులుతారు. పసిఫిక్ మధ్యలో ఉన్న ఫ్రెంచి భూభాగం అది. అమెరికా మీదుగా టికెట్ దొరికితే, అమెరికా గడ్డ మీద దిగి విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. ఎయిర్‌పోర్టులోనే కూర్చుంటాం కదా అంటే కుదరదు, అక్కడ ఇమిగ్రేషన్ దాటకుండా మారే పద్ధతే లేదు. ఫిజీ కూడా అంతే. భారతీయులకి ముందుగా వీసా అక్కర్లేదు, నిజమే, కానీ సిడ్నీ మీదుగా చౌక టికెట్ కొంటే ఆస్ట్రేలియా ట్రాన్సిట్ వీసా కావాలి. దానికి ఫీజు లేదు, అయినా తీసుకోకుండా వెళ్తే శంషాబాద్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. అందుకే వీసా అక్కర్లేని దేశం అనగానే సంబరపడకండి, మధ్యలో ఆగే దేశం ఏదో చూడండి.

అబ్బాయికి ఆఫీసులో ఇచ్చిన సెలవు తొమ్మిది రోజులైతే, ఫిజీకి రానుపోను మూడు రోజులు పోతాయి. ఫిజీ టైము మనకంటే ఆరున్నర గంటలు ముందు, ఇంకో రెండు రోజులు నిద్ర తూలుతూనే ఉంటారు. మారిషస్ అయితే ముంబయి నుంచి నేరుగా సుమారు ఆరు గంటలు, టైము తేడా గంటన్నర. పైగా అక్కడ మన తెలుగువాళ్ళు తరాల నుంచి ఉన్నారు, ఉగాదికి దేశమంతా సెలవు, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. "అక్కడా రూపాయలే కదండీ" అని సంతోషించినవాళ్ళూ ఉన్నారు. రూపాయే, కానీ మారిషస్ రూపాయి మన రెండు రూపాయలకి కాస్త అటూఇటూ.

అపోహ: సముద్రమే కదా, ఏ నెలైనా ఒకటే

మన పెళ్ళిళ్ళు ముహూర్తాల మీద నడుస్తాయి, ఆ దీవుల్లో వాన గాలుల మీద నడుస్తుంది. రెండింటినీ కలిపి చూడటమే నా ఉద్యోగంలో అసలు పని.

మాఘం, ఫాల్గుణం పెళ్ళిళ్ళకి మాల్దీవులు భేషుగ్గా ఉంటాయి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు తక్కువ. వైశాఖం, జ్యేష్ఠం వచ్చేసరికి అక్కడ నైరుతి గాలులు మొదలవుతాయి, అక్టోబరు దాకా అప్పుడప్పుడూ దంచికొడుతుంది. రేట్లు తగ్గేది కూడా అందుకే. వెళ్ళకూడదని కాదు, వాన పడితే గదిలో కూర్చుని కబుర్లు చెప్పుకునే ఓపిక ఉంటే ఆ రేటుకి అది మంచి బేరమే. జ్యేష్ఠం వాళ్ళకి నేను బాలి చెప్తాను, అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. మారిషస్ భూమధ్యరేఖకి కింద ఉంది కాబట్టి అంతా తలకిందులు, మనం ఎండకి మాడే మేలో అక్కడ చలికాలం మొదలు. చలి అంటే మన సంక్రాంతి చలి లాంటిదే. జూన్ నుంచి ఆగస్టు దాకా తూర్పు తీరంలో గాలి చెవులు గింగురుమనేలా కొడుతుంది, పడమటి వైపు గది తీసుకుంటే హాయి. జనవరి, ఫిబ్రవరి, మార్చి మాత్రం మారిషస్‌కి తుపాన్ల కాలం. మాఘంలో పెళ్ళి, మారిషస్‌లో హనీమూన్ అన్నవాళ్ళని నేను కూర్చోబెట్టి ఒకటికి రెండుసార్లు అడుగుతాను.

ఆషాఢం మాటకొస్తే, కొత్తకోడలు పుట్టింట్లో ఉండాలి, అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు, అందుకని ఆషాఢం రాకముందే పంపెయ్యమని పెద్దవాళ్ళు తొందరపెడతారు. పటమట నుంచి వచ్చిన ఒక బామ్మగారు మాత్రం తేల్చేశారు: "అత్తగారి గడప దాటకూడదన్నారు గానీ సముద్రం దాటకూడదన్నారా?" ఆ జంట ఆషాఢంలోనే బాలి వెళ్ళి శుభ్రంగా తిరిగొచ్చారు.

మార్గశిరం పెళ్ళిళ్ళ వాళ్ళు డిసెంబరు చివర్లో వెళ్తామంటారు. వెళ్ళండి, కానీ క్రిస్మస్‌కీ, 31 రాత్రికీ చాలా రిసార్టుల్లో ఒక పెద్ద విందుకి డబ్బు కట్టి తీరాలి, తిన్నా తినకపోయినా. గది రేటు కూడా అప్పుడే మంట మీద ఉంటుంది.

బాలి గురించి ఇంకో ముక్క. వాళ్ళకి న్యేపీ అని కొత్త సంవత్సరం రోజు ఉంది, 2026లో మన ఉగాది రోజే, మార్చి 19న పడింది. ఆ రోజు దీవి మొత్తం మౌనం, వీధిలోకి ఎవరూ రాకూడదు, ఎయిర్‌పోర్టు కూడా 24 గంటలు మూసేస్తారు. టికెట్ తేదీ వేసే ముందు ఆ ఏడాది న్యేపీ ఎప్పుడో చూసుకోవాలి.

అపోహ: పెళ్ళైన మర్నాడే ఎగిరిపోవచ్చు

పోవచ్చు, ఎవరూ ఆపరు. కానీ వ్రతం, మూడు నిద్రలు, పదహారు రోజుల పండగ ఇవన్నీ అమ్మల చేతిలో ఉంటాయి. టికెట్లు కొన్నాక "అయ్యో బాబూ, ఆ రోజు సత్యనారాయణ వ్రతం" అని ఫోన్లు వస్తే డేటు మార్చే చార్జీలు నా జేబులోకి రావు, విమానం వాళ్ళకి పోతాయి. రెండిళ్ళ అమ్మల్నీ అడిగాకే నా దగ్గరికి రండి.

అపోహ: ప్యాకేజీలో అన్నీ ఉన్నట్టే

మాల్దీవుల రేటు పక్కన ప్లస్ ప్లస్ అని రాసి ఉంటే జాగ్రత్త. 10 శాతం సర్వీస్ చార్జీ, దాన్నీ కలిపిన మొత్తం మీద 17 శాతం టూరిజం జీఎస్టీ. అంటే 100 డాలర్ల గది 128 డాలర్ల 70 సెంట్లు. ఇది కాక రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్, 2025 జనవరి నుంచి అది రెట్టింపైంది. ఇద్దరికి నాలుగు రాత్రులంటే 96 డాలర్లు. ఈ లెక్కలు కాగితం మీద వేసి ఇవ్వని వాళ్ళ దగ్గర అడ్వాన్స్ కట్టొద్దు, మా ఆఫీసైనా సరే.

తిండి విషయంలో బ్రేక్‌ఫాస్ట్ ఒక్కటే ఉన్న ప్లాన్ తీసుకుని డబ్బు మిగిలిందనుకోకండి. ఆ దీవిలో రిసార్ట్ తప్ప ఇంకేమీ ఉండదు, పక్క సందులో ఇడ్లీ బండి ఉండదు, వాళ్ళు చెప్పిన రేటుకే తినాలి. కనీసం రెండు పూటలు కలిసిన ప్లాన్ తీసుకోండి. మూడో రోజుకి మన నాలుక కారం అడుగుతుంది, అది నాకు తెలుసు. గోంగూర పచ్చడి పట్టుకెళ్ళేవాళ్ళు రెండు కవర్లలో బిగించి పెద్ద పెట్టెలో వేసుకోండి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర మాయమవుతుంది. ఫిజీ, ఆస్ట్రేలియా దారి పట్టేవాళ్ళు మాత్రం తిండి పదార్థం ఏదున్నా ఫారంలో రాయాల్సిందే, దాస్తే జరిమానా.

డ్యూటీ ఫ్రీలో మందు సీసా కొని మాల్దీవులకి తీసుకెళ్ళకూడదు, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు, రిసార్ట్‌లో దొరికేది రిసార్ట్‌లోనే. చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది: పూజ కోసం దేవుడి విగ్రహాలు కూడా ఆ దేశంలోకి తీసుకెళ్ళనివ్వరు. పెళ్ళిలో బహుమతిగా వచ్చిన వెంకన్న బొమ్మ పెట్టెలో ఉంటే ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.

అపోహ: హనీమూన్ అని చెప్తే కేకు, మంచం మీద పూలు ఫ్రీ

చాలాచోట్ల ఇస్తారు, కానీ పెళ్ళై ఆరు నెలలో ఏడాదో దాటకూడదు, రుజువు కావాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ అప్పటికి చేతికి రాకపోతే శుభలేఖ పంపుతాం. ఒకసారి నేను మొత్తం తెలుగులో ఉన్న శుభలేఖ, "శ్రీరస్తు శుభమస్తు"తో సహా, ఫోటో తీసి పంపేశాను. ఇందులో తేదీ ఎక్కడుంది అని వాళ్ళు మెయిల్ పెట్టారు. ఇంగ్లిష్ పేజీ ఒకటి ఉండేలా అచ్చు వేయించుకోండి.

అపోహ: అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చకపోతే పంపరు

పంపుతారు. పాస్‌పోర్టులో ఎలా ఉందో టికెట్లో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి, అంతే. ప్రయాణానికి నెల ముందు పేరు మార్పుకి పెట్టుకుంటే పాతది రద్దవుతుంది, కొత్తది పోలీస్ వెరిఫికేషన్‌లో ఇరుక్కుంటే టెన్షన్ మొత్తం నాకు. తిరిగొచ్చాక మార్చుకోండి. గడువు ఆరు నెలలకి తక్కువ ఉంటే మాత్రం ముందే రెన్యువల్ చేయించాలి. మాల్దీవులకి బయల్దేరే ముందు 96 గంటల్లోపు ఇముగా అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి, దానికి పైసా ఫీజు లేదు, డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది అసలుది కాదు.

అపోహ: టీసీఎస్ పేరుతో ఏజెంట్ అదనంగా గుంజుతున్నాడు

టీసీఎస్ అనగానే మా అబ్బాయి అందులోనే చేస్తున్నాడండీ అన్న పెద్దాయన ఉన్నారు. ఇది ఆ కంపెనీ కాదు, ట్యాక్స్ కలెక్టెడ్ ఎట్ సోర్స్. విదేశీ టూర్ ప్యాకేజీ మీద 2020 అక్టోబరు నుంచి మేం వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను. రేటు బడ్జెట్‌లో మారుతూ ఉంటుంది, కట్టే రోజు ఎంతుందో అడగండి. ఆ డబ్బు కట్టినవాళ్ళ పాన్ మీద పడి ఇన్‌కమ్ ట్యాక్స్ ఖాతాలో కనిపిస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. మామగారు కడితే మామగారి పాన్ మీదే పడుతుంది, తర్వాత అల్లుడు నా రిఫండ్ ఏదీ అని అడగడానికి లేదు.

అపోహ: ఈత రాకపోయినా పర్లేదు, నీటి గదే కావాలి

కృష్ణ ఒడ్డున పుట్టి ఈత రానివాళ్ళు మనలో బోలెడుమంది. కొన్నిచోట్ల మెట్ల కింద నడుము లోతే ఉంటుంది, కొన్నిచోట్ల నేరుగా లోతు. ఏదో అడగకుండా బుక్ చేయను. డైవింగ్ చేసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, చివరి డైవ్‌కీ విమానం ఎక్కడానికీ మధ్య 18 గంటలు ఉండాలి, సీప్లేన్ కూడా విమానమే. అందుకే డైవింగ్ మొదటి రోజుల్లోనే కానివ్వండి.

సత్యనారాయణపురం కుర్రాడొకడు నాలుగు రాత్రులూ నీటి గదే కావాలని పట్టుబట్టి వెళ్ళాడు. రెండో రోజు వాళ్ళావిడ ఫోటో పంపింది. లైఫ్ జాకెట్ వేసుకుని, రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, పై నుంచి రెండో మెట్టు మీద కూర్చున్నాడు. నాలుగో రోజు కూడా అదే మెట్టు. అప్పటి నుంచి ఈత రానివాళ్ళకి మొదట రెండు రాత్రులు ఒడ్డు మీద గది, తర్వాత రెండు రాత్రులు నీటి మీద గది వేస్తున్నాను, ఖర్చు కూడా తగ్గుతోంది.