చుక్క పోయి హెచ్ వచ్చింది: ఐరిష్ పేర్ల స్పెల్లింగ్ వెనక కథ

ఎస్, ఐ, ఓ, బి, హెచ్, ఏ, ఎన్. మనం 'సియోభాన్' అని చదివేస్తాం. ఐర్లండ్‌లో ఆ అమ్మాయిని పిలిచేది 'షివాన్' అని. ఇదేం స్పెల్లింగ్ అని నవ్వుకునేవాళ్లు చాలామంది. కానీ ఇంగ్లిషు కంటే ఐరిష్ రాతే పద్ధతిగా ఉంటుంది. దాన్ని ఇంగ్లిషు లెక్కన చదవడంతోనే చిక్కు.

సంప్రదాయ ఐరిష్ వర్ణమాలలో ఉన్నవి 18 అక్షరాలే. అందులో 'వి' లేదు, 'వ' ధ్వని మాత్రం ఉంది. 'బి', 'ఎమ్' మెత్తబడితే 'వ' అవుతాయి. ఐరిష్‌కు వాడిన పాత గేలిక్ లిపిలో అలాంటి హల్లు నెత్తిన ఒక చుక్క పెట్టేవారు. 20వ శతాబ్దంలో స్కూళ్లు, పత్రికలు ఇంగ్లిషుకు వాడే రోమన్ లిపికి మారాక చుక్క పోయి పక్కన హెచ్ చేరింది. అది పలకడానికి కాదు, ముందున్న హల్లు మారిందని చెప్పడానికి. 'నీవ్' ('వెలుగు' అని అర్థమున్న పేరు) చివర 'ఎమ్‌హెచ్' ఉండేది అందుకే.

రెండో సంగతి మనకు కొత్త కాదు. 'చలి'లో చ వేరు, 'చిలక'లో చ వేరు. పక్క అచ్చే దాన్ని నిర్ణయిస్తుంది. ఐరిష్‌లో 'ఎస్' కూడా అంతే: 'ఐ', 'ఈ' అక్షరాల పక్కనుంటే 'ష'. 'షాన్' (ఎస్, ఈ, ఏ, ఎన్) అనే పేరులో ఎస్ తర్వాతి 'ఈ' అక్షరం దాదాపు ఆ పనికే ఉంది.

అచ్చమైన ఐరిష్ అనుకునే షాన్, షివాన్ పేర్లు రెండూ వలస వచ్చినవే. 1169లో దిగిన నార్మన్లతో ఫ్రెంచ్ 'జెహాన్' వచ్చింది. ఐరిష్‌లో 'జ' లేదు కనుక మగవాళ్లకు 'షాన్', ఆడవాళ్లకు 'షివాన్' అయింది. 'సీర్షా' అంటే స్వేచ్ఛ. మాట పాతదే, పేరుగా మాత్రం 20వ శతాబ్దానిది.

1831లో మొదలైన నేషనల్ స్కూళ్లలో చదువు ఇంగ్లిషులో సాగింది, రిజిస్టర్లూ ఇంగ్లిషులోనే. అక్కడ 'కవి' అనే అర్థమున్న 'టైగ్' కాస్తా తిమోతీ అయ్యాడు, 'గొబ్నెట్' అబిగైల్ అయింది. అర్థాల మధ్య పొంతన లేదు. 1905లో బండి మీద ఐరిష్‌లో పేరు రాసుకున్నందుకు డోనెగల్ రైతుకు జరిమానా పడితే, లాయర్ పాట్రిక్ పియర్స్ కోర్టులో వాదించి ఓడిపోయాడు.

1940ల్లో స్పెల్లింగును సంస్కరించి పలకని అక్షరాలు తీసేశారు. 'రాత్రి' అనడానికి ఐరిష్ మాట 'ఈహా' ఏడక్షరాల నుంచి ఐదుకు తగ్గింది. పేర్లలో మాత్రం పాత రూపం, కొత్త రూపం రెండూ నడుస్తున్నాయి; 'మేవ్' ఒక్కటే మూడు నాలుగు రకాలుగా కనిపిస్తుంది.

ఇప్పటి తగాదా 'ఫాడా'ది, అంటే అచ్చు మీది వాలుగీత. అచ్చంగా మన దీర్ఘమే. 'పాలు'లో దీర్ఘం తీస్తే 'పలు' అయినట్టు, 'షాన్' మీది గీత తీస్తే 'ముసలి' అని అర్థం. చాలా కంప్యూటర్ ఫారాలు ఆ గీతను మింగేసేవి. 2021లో సవరించిన అధికార భాషల చట్టం, ప్రభుత్వ సంస్థలు పేర్లను ఫాడాతో సహా రాయాలని చెప్పింది.


తెలుగులో రాసేటప్పుడు స్పెల్లింగ్ చూడకుండా పలుకుబడి పట్టుకోవాలి: 'ఈఫా', 'రోషీన్', 'సైవ్'. 'కీవా' అనే పేరును కొన్నిచోట్ల 'క్వీవా' అంటారు. ఆ ఒక్కటీ పేరు గలవాళ్లను అడిగి రాయడమే మేలు.