క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయా? అపోహలు - వాస్తవాలు

"ఏదైనా చెయ్యండి గానీ క్లీనింగ్ మాత్రం వద్దు డాక్టరమ్మా. మా బావగారు చేయించుకున్నారు, ఆర్నెల్లకే రెండు పళ్ళు ఊడిపోయాయి."

ఒంగోలులో పళ్ళ డాక్టరుగా కూర్చున్నప్పటి నుంచి ఈ బావగారి కథ వింటూనే ఉన్నాను. ఒకరికి బావగారు, ఒకరికి మేనత్త, ఒకరికి పక్కింటి మాస్టారు. కథ మాత్రం ఒకటే. అందుకే దీంతోనే మొదలుపెడతాను.

అపోహ: గార తీయిస్తే పళ్ళు కదులుతాయి, సందులు పడతాయి

బావగారి పళ్ళు ఊడిన మాట నిజమే కావచ్చు. ఎప్పటి నుంచి ఊడుతున్నాయన్నదే ప్రశ్న. పంటి మీద చేరే మెత్తటి పాచిని రోజూ తీసేయకపోతే, ఉమ్మిలో ఉండే కాల్షియం దానిలో కలిసి రాయిలా గట్టిపడుతుంది. అదే గార. కింది ముందు పళ్ళ లోపలి వైపు ముందుగా పడుతుంది, ఎందుకంటే నాలుక కింద ఉమ్మి ఊరే రంధ్రాలు సరిగ్గా అక్కడే ఉంటాయి. ఆ గరుకు మీద మళ్ళీ పాచి చేరుతుంది, చిగురు వాస్తుంది, పాచీ గారా చిగురు కిందికి దిగుతాయి. ఏళ్ళ తరబడి అలా వదిలేస్తే పంటిని పట్టుకున్న ఎముకే కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. ఇంత జరిగినా చాలామందికి నొప్పి ఉండదు.

పాత గోడలో రావిచెట్టు వేరు చూసే ఉంటారు. గోడను చీల్చిందీ అదే, పడిపోకుండా పట్టుకుని ఉన్నదీ అదే. గార కూడా అంతే. ఎముక పోయిన పళ్ళను ఒకదానికొకటి అతికించి నిలబెడుతుంది. అది తీసేసిన రోజున పన్ను అసలు బలం ఎంతో బయటపడుతుంది. సందులూ అంతే. అవి ముందు నుంచీ ఉన్నాయి, ఇన్నాళ్ళూ గారతో పూడిపోయి ఉన్నాయి, ఇప్పుడు నాలుకకు తగులుతున్నాయి. క్లీనింగ్ తర్వాత కొన్నాళ్ళు చల్లనివి తగిలితే జివ్వుమంటుంది. వాపు తగ్గి చిగురు బిగుసుకుంటుంది, కొద్దిగా కదిలే పళ్ళు గట్టిపడటమూ నేను చూస్తుంటాను. బాగా కదిలిపోయినవాటికి మాత్రం హామీ ఇవ్వలేం, ఆ సంగతి మొదలుపెట్టే ముందే చెప్పేస్తాను.

ఆఖరున చెయ్యి పెట్టినవాడి మీదికే నేరం వస్తుందంటారే, పళ్ళ విషయంలో సగం అపోహలు అలా పుట్టినవే.

అపోహ: రక్తం వస్తోంది కాబట్టి అక్కడ బ్రష్ పెట్టకూడదు

ఇక్కడ నేరం బ్రష్ మీదికి పోయింది. రక్తం వచ్చేది చిగురు వాచి ఉన్నందుకు, వాచింది అక్కడ పాచి ఉన్నందుకు. రక్తం చూసి భయపడి ఆ చోటు వదిలేస్తే పాచి ఇంకా పెరుగుతుంది.

1965లో డెన్మార్క్‌లో ఆర్హస్ దంతవైద్య కళాశాలవాళ్ళు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని, ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే, పళ్ళు తోముకోవడం పూర్తిగా మానేయమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక వారం పదిరోజుల్లో తగ్గిపోయాయి. ఇంతకన్నా సూటిగా రుజువు ఏముంటుంది?

కాబట్టి రక్తం వచ్చే చోట మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు కాస్త ఏటవాలుగా ఆనించి, నెమ్మదిగా, ఇంకాస్త ఎక్కువసేపు తోమండి. రెండు వారాలైనా తగ్గకపోతే రండి. వచ్చేటప్పుడు షుగర్ పరీక్ష కూడా చేయించుకుని రండి. షుగర్ ఎక్కువైతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది. ఒకటి రెండోదాన్ని ఎగదోస్తూ ఉంటుంది.

దీనికి తిరగేసిన అపోహ ఇంకొకటి: రక్తం రావడం లేదంటే చిగుళ్ళు బాగున్నట్టే. మాది పొగాకు పండే ప్రాంతం, కాబట్టి ఇది చెప్పక తప్పదు. చుట్ట, బీడీ, సిగరెట్ కాల్చేవాళ్ళ చిగుళ్ళలో జబ్బు ముదిరినా రక్తం అంతగా కనపడదు. లోపల ఎముక కరుగుతున్నా పైకి గట్టిగా, బాగున్నట్టే కనిపిస్తాయి. పంటి నొప్పికి పొగాకు దవడన పెట్టుకునేవాళ్ళు ఇప్పటికీ వస్తున్నారు. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని మన దేశంలో 1992లోనే నిషేధించారు.

అపోహ: ఫ్లోరైడ్ విషం, ఫ్లోరైడ్ పేస్టు వాడకూడదు

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి వచ్చేవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలు రోజూ చూస్తాను. ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, అక్కడి ఫ్లోరోసిస్ గురించి, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకూ ఎముకలకూ వచ్చే జబ్బు గురించి, వైద్యులు రాశారు. నల్లగొండ సంగతి చెప్పనే అక్కర్లేదు. నడుములు వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్ళకు ఆ పేరు వింటేనే గుండె ఝల్లుమనడంలో తప్పేముంది?

అయితే లెక్క చూడండి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు రోజుకు 3 లీటర్లు తాగితే 12 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతుంది, అదీ ప్రతిరోజూ. 1000 పీపీఎం అని రాసి ఉన్న పేస్టులో గ్రాముకు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. బ్రష్ మీద బఠాణీ గింజంత వేసుకుంటే అందులో పావు మిల్లీగ్రాము, అందులోనూ చాలా వరకు ఉమ్మేస్తాం. నీళ్ళు చేసిన నేరానికి పేస్టుకు శిక్ష వేయడం సరికాదు. పళ్ళు పుచ్చకుండా ఆపడంలో అంత గట్టి రుజువున్న దినుసు పేస్టులో మరొకటి లేదు.

పిల్లల్లో మాత్రం జాగ్రత్త. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత. మింగకుండా పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. ఫ్లోరైడ్ నీళ్ళ ఊరైతే ముందు నీళ్ళు మార్చండి. ఆ గోధుమరంగు మరకలు పన్ను తయారయ్యేటప్పుడే పడ్డవి, క్లీనింగ్‌తోనూ పోవు, బొగ్గుపొడితోనూ పోవు.

అపోహ: వేపపుల్ల ముందు బ్రష్ ఏపాటిది?

మా నాయనమ్మ కచ్చికతో తోముకునేది, చివరిదాకా పళ్ళున్నాయి. ఇలాంటి నాయనమ్మ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆవిడ తీపి తిన్నది పండక్కీ పబ్బానికీ. మనం టీలో చక్కెర, నాలుగింటికి బిస్కట్టు, రాత్రి టీవీ ముందు ఇంకోటి. ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ముఖ్యం. పైగా బోసినోటి నాయనమ్మల గురించి ఎవరూ కథలు చెప్పరు!

వేపపుల్ల చెడ్డది కాదు. బాగా నమిలి కుంచె చేసుకుని, తొందరపడకుండా తోమితే పని చేస్తుంది. దవడ పళ్ళ లోపలి వైపుకు అందదు, అదే దాని లోటు. ఆఖర్న పుల్లను నిలువుగా చీల్చి నాలుక గీసుకునే అలవాటు ఎంతో మంచిది, బ్రష్‌కు మారినవాళ్ళలో చాలామంది దాన్ని వదిలేశారు. ఇటుకపొడి, బొగ్గు, గరుకు ఉప్పు మాత్రం వద్దు. చిగురు దగ్గర పంటిని గాడిలా అరగదీస్తాయి.

గబగబా మరికొన్ని

పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందా? పోదు. పై పళ్ళకూ, కంటి చుట్టూ ఉండే చర్మానికీ స్పర్శ తెలిపేది ఒకే నరం కొమ్మలు, అందుకే పంటి నొప్పి కంటిదాకా లాగుతుంది. చూపు నరం వేరు. పీకించకుండా వదిలేసిన చీము కంటి వైపు పాకడమే అసలు ప్రమాదం.

లవంగం పెడితే నొప్పి తగ్గింది కదా? కాసేపు తిమ్మిరెక్కింది, అంతే. పుచ్చు అలాగే ఉంది. తీవ్రంగా వచ్చిన నొప్పి దానంతటదే ఆగిపోతే సంతోషించకండి, లోపలి నరం చచ్చిపోయి ఉండొచ్చు. నొప్పి బిళ్ళ మాత్రం చిగురు మీద పెట్టకండి, కాలుతుంది.

కడుపులో బిడ్డ తల్లి పళ్ళలోని కాల్షియం లాగేస్తుందా? లేదు. ఆ నెలల్లో హార్మోన్ల వల్ల చిగుళ్ళు తొందరగా వాస్తాయి, వాంతుల పులుపు పంటి పైపొరను తింటుంది. వాంతి అయ్యాక వెంటనే తోమకుండా నీళ్ళు పుక్కిలించి అరగంట ఆగండి. నాలుగు నుంచి ఆరో నెల మధ్య వైద్యం హాయిగా చేయించుకోవచ్చు.

పొద్దున్న తోమితే చాలదా? రాత్రి నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గుతుంది, పంటిని కాపాడేది ఆ ఉమ్మే. రెండింటిలో ఒకటే కుదిరితే రాత్రిది ఉంచుకోండి. నురగ ఉమ్మేశాక చెంబెడు నీళ్ళతో కడిగేయకండి, పేస్టు పంటి మీద కాసేపు ఉండనివ్వండి.

అపోహ: పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి

దవడ పాలపళ్ళు పది పన్నెండేళ్ళదాకా ఉండాలి. ముందే పీకేస్తే పక్కవి జరిగి, వచ్చే పన్నుకు చోటుండదు. దీనికన్నా నన్ను బాధపెట్టేది మరొకటి. ఆరేళ్ళప్పుడు, ఏ పన్నూ ఊడకుండానే, అన్నిటికన్నా వెనక ఒక దవడపన్ను వస్తుంది. అది జీవితాంతం ఉండాల్సినది. పాలపన్నే అనుకుని వదిలేస్తారు, ఎనిమిదేళ్ళకల్లా అది పుచ్చిపోయి నా దగ్గరికి వస్తుంది.

మీ ఇంట్లో ఆరేడేళ్ళ పిల్లలుంటే ఈ రాత్రి నోరు తెరిపించి, ఫోను లైటు వేసి చూడండి. ముందు మధ్య పన్ను నుంచి వెనక్కి లెక్కపెట్టండి. పాలపళ్ళు ఒక్కో వైపు ఐదే. ఆరోది కనపడిందా, బ్రష్ అక్కడిదాకా వెళ్ళాలి.