బీపీఏ నిషేధం: పక్కకు జరిగిపోయిన కొవ్వు కణం ప్రశ్న

ఆహారాన్ని తాకే ప్లాస్టిక్‌లో, డబ్బాల లోపలి పూతల్లో బిస్ఫినాల్-ఏ (బీపీఏ) అనే రసాయనం వాడకూడదన్న ఐరోపా సమాఖ్య నిబంధన 2025 జనవరి 20న అమల్లోకి వచ్చింది. చాలా వస్తువులకు ఇచ్చిన గడువు 2026 జులై 20. దాంతో పాత వాదన మళ్లీ రాజుకుంది: ప్లాస్టిక్‌లోని రసాయనాలు మనిషిని లావు చేస్తాయా? బీపీఏకు ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ గుణం ఉందని 1930లలోనే తేలడం, పాలసీసాల్లో దాన్ని నిషేధించడం అందరూ ఎరిగినవే. అసలు మలుపు 2006లో వచ్చింది, అదీ వేరే రసాయనం దగ్గర.

ఆ రసాయనం ట్రైబ్యూటైల్‌టిన్. ఓడల అడుగున నాచు, గుల్లలు పట్టకుండా వేసే రంగుల్లో వాడేవారు. పీవీసీలో కలిపే టిన్ సమ్మేళనాల్లోనూ మలినంగా ఉంటుంది. ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిపించిందన్న చెడ్డపేరు దానికి అప్పటికే ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (అర్వైన్)లో బ్రూస్ బ్లూమ్‌బర్గ్, ఫెలిక్స్ గ్రూన్ బృందం చూసినప్పుడు అది పీపార్-గామా అనే రిసెప్టార్‌ను (కణంలో రసాయన సంకేతాలను అందుకునే ప్రొటీన్) ఉత్తేజపరుస్తోందని తేలింది. ఏ రూపమూ తీసుకోని కణం కొవ్వు కణంగా మారాలా వద్దా అన్నది ప్రధానంగా దీని చేతిలోనే ఉంటుంది. షుగర్ మందు పయోగ్లిటజోన్ పనిచేసేదీ దీని మీదే; ఆ మందుతో బరువు పెరుగుతుందని వాడినవాళ్లకు తెలుసు. గర్భంతో ఉన్న ఎలుకలకు ట్రైబ్యూటైల్‌టిన్ ఇస్తే పిల్లల్లో కొవ్వు పెరిగింది. ఇలాంటి రసాయనాలకు వాళ్లు ‘ఒబెసోజెన్’ అని పేరు పెట్టారు. 2010లో అదే ప్రయోగశాల మరో అడుగు వేసింది: ఎముక కాగల మూలకణాలు కొవ్వు వైపు మొగ్గుతున్నాయి. 2013 నాటికి ఆ ప్రభావం ఎలుకల మూడో తరంలోనూ కనిపించింది.

ఇది ఎందుకంత ముఖ్యమో 2008లో స్వీడన్ పరిశోధన ఒకటి చెప్పింది. మనిషి ఒంట్లో కొవ్వు కణాల సంఖ్య బాల్యం, కౌమారంలోనే దాదాపు స్థిరపడుతుంది. పెద్దయ్యాక బరువు తగ్గితే కణాలు చిక్కుతాయి తప్ప లెక్క తగ్గదు. అంటే గర్భంలో, పసితనంలో ఏ రసాయనం తగిలిందన్నది జీవితాంతం వెంటాడగల విషయం. తిండి, వ్యాయామం గురించి మాత్రమే మాట్లాడే సలహాల్లో దీనికి చోటే లేదు.

నియంత్రణ సంస్థల లెక్క వేరేగా నడిచింది. ప్రస్తుత వాడకంలో బీపీఏ సురక్షితమేనని 2018లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక ఎలుకల అధ్యయనం చూపి ప్రకటించింది. అదే అధ్యయనంలో పాలుపంచుకున్న విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, అతి తక్కువ మోతాదులోనూ ప్రభావాలు కనిపించాయంటూ విభేదించారు. 2023 ఏప్రిల్‌లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ, కిలో శరీర బరువుకు రోజుకు 4 మైక్రోగ్రాములుగా ఉన్న పరిమితిని 0.2 నానోగ్రాములకు దించింది. అంటే 20,000 రెట్లు. జర్మనీ సంస్థ బీఎఫ్ఆర్ ఒప్పుకోక 200 నానోగ్రాములు చాలంది. ఇప్పటి గొడవంతా ఈ అంకెల చుట్టూనే. కానీ ఆ 0.2కు ఆధారం ఎలుకల రోగనిరోధక కణాల్లో వచ్చిన మార్పు. కొవ్వు కణం ఆ లెక్కలోకే రాలేదు.

మనుషుల్లో ఆధారాలు ఇంకా సంబంధం స్థాయిలోనే ఉన్నాయన్న పరిశ్రమ అభ్యంతరం నిజమే. ఒంట్లో బీపీఏ ఎక్కువున్నవాళ్లు ప్యాకెట్ తిండి ఎక్కువ తినేవాళ్లూ కావచ్చు. అయితే బీపీఏ బదులు వచ్చిన బీపీఎస్ సైతం మనిషి నుంచి తీసిన కణాలను కొవ్వు కణాలుగా మార్చిందని 2016లో కెనడా పరిశోధకులు చూపారు. 2022లో నార్వే శాస్త్రవేత్తలు నీళ్ల సీసాలు, పెరుగు కప్పుల్లాంటి 34 రోజువారీ ప్లాస్టిక్ వస్తువుల నుంచి రసాయనాలు తీసి ఎలుక కణాల మీద వేశారు. 11 వస్తువుల సారం కొవ్వు కణాలను పుట్టించింది. అప్పటికే పేరుపడ్డ రసాయనాలతో మాత్రమే ఆ ఫలితాన్ని వివరించడం కుదరలేదు.

మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం పాలసీసాల్లో బీపీఏను ఒప్పుకోదు. ఇళ్లకొచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లలో, బీపీఏతో తయారయ్యే పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌వి ఇంకా ఉన్నాయి. ఇక కొవ్వు, జీవక్రియల మీద ప్రభావాన్ని పట్టే పరీక్షలు తయారుచేయడానికి ఐరోపా సమాఖ్యే 2019లో గోలియత్, ఒబెరాన్ వంటి ప్రాజెక్టులకు డబ్బిచ్చింది. అలాంటి పరీక్ష తప్పనిసరి కానంతవరకు సీసా మీది ‘బీపీఏ ఫ్రీ’ ముద్ర, కొవ్వు కణం విషయంలో కొనేవాళ్లకు ఏ హామీ ఇవ్వదు.